జానెడు జానెడు చూసిన చెలక

పశువుల వెనక నడవాల్సిన గంగయ్యను ఆ రోజు పశువుల ముందు నడిపించారు.

పెన్‌గంగ ఒడ్డున మొసలిరేవు ఊరు. యాభై ఒకటో సంవత్సరం, కామునిపున్నం పోయిన నాలుగో రోజు. పొద్దు బారెడు ఎక్కింది. రేవుచెలక అంచున, ముండ్లతీగ దగ్గర దొర రాజేశ్వర్‌రావు ముసలి పశువులు డజను నిలబడి ఉన్నాయి. గుమాస్తా గొంతు చించుకుంటున్నాడు. జీతగాళ్ళు ముల్లుకర్రలతో పొడుస్తున్నారు. ఒక్క ఎద్దు కూడా తీగ దాటడం లేదు.

ఆ చెలకలో మనిషి అడుగు పడి మూడేండ్లు. పోలీసు చర్యకు ముందు, అవతలి ఒడ్డు నుంచి యూనియన్ ఫౌజు వస్తుందన్న భయంతో నిజాం సిపాయిలు రేవు బాటకు రెండు దిక్కులా నలభై ఎకరాల రేగడిలో మందుపాతరలు పూడ్చిపెట్టారు. ఫౌజు మరో దారిన వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. పూడ్చినవి మాత్రం పూడ్చిన చోటే ఉన్నాయి. కొత్త సర్కారు మనుషులు యంత్రంతో వచ్చి బండిబాట మటుకు శుభ్రం చేసి, చెలకకు తీగ చుట్టి, ఎర్రబోర్డు పాతి పోయారు. చెలకంతా వెతకాలంటే సర్కారుకు తలకు మించిన ఖర్చు అన్నారు. ఆ చెలకను తాతల నాటి నుంచి దొర దగ్గర కౌలుకు దున్నుకున్న నేతకాని కులం వాడ, పన్నెండు ఇండ్లు, మూడేండ్లుగా కూలిపనితో, అడివి గడ్డలతో ప్రాణం నిలుపుకుంటున్నాయి.

ఇప్పుడు కొత్త కౌలు చట్టం వచ్చింది. దున్నేవాడికి హక్కు ఉంటుందన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి దొరకు ఆ చెలక మీద ప్రేమ పుట్టింది. తానే సొంతంగా సాగు చేసుకుంటున్నట్టు చూపాలి. చూపాలంటే ముందు చెలక శుభ్రం కావాలి. శుభ్రం కావాలంటే దొరకు తోచిన దారి, పశువులను తోలడం.

“గీ పశువులు నీ పిలుపుకు వస్తయి గద గంగయ్యా. జర ముందట నడువు,” అన్నాడు గుమాస్తా.

గంగయ్య వెట్టివాడు. దొర పశువులను కాయడం అతని తాతకు వచ్చిన వెట్టి, తండ్రికి వచ్చిన వెట్టి, అతనికీ వచ్చింది. అతను గుమాస్తా మొహం చూశాడు. చెప్పులు విప్పి ఇవతల పెట్టాడు, చెలకలోకి చెప్పులతో దిగే అలవాటు లేదు గనక. తీగ ఎత్తి లోపలికి పోయి పశువులను పిలిచాడు. పొడిస్తే కదలని పశువులు ఆ పిలుపుకు తలలూపుకుంటూ కదిలాయి.

యాభై అడుగులు నడిచాడు.

నేల లేచి పడింది. వాగు గట్టు మీద గడ్డలు తవ్వుకుంటున్న పోశవ్వ చెవులు గింగుర్లెత్తాయి. పొగ విడిపోయాక చూస్తే ఒక ఎద్దు పడి కొట్టుకుంటోంది. దానికి అవతల గంగయ్య. గుమాస్తా ముందు ఎడ్లను చూసుకున్నాడు. తరువాత గంగయ్య దిక్కు చూసి మొహం తిప్పుకున్నాడు.

గంగయ్యకు ప్రాణం ఉంది. చెయ్యి ఎత్తుతున్నాడు. భార్య ఐలవ్వ తీగ పట్టుకుని ఏడుస్తోంది. ఊరంతా వచ్చింది. ఎవరూ దిగడం లేదు. అంతలో గుంపును తోసుకుని ఒకడు తీగ మీద చెయ్యి వేశాడు. వాడు అంతయ్య, పోశవ్వ కొడుకు.

పోశవ్వ సంగతి ఇక్కడ చెప్పాలి. నలుగురు పిల్లల్ని కన్నది. ఒకడిని వాగు తీసుకుపోయింది, ఒకడిని పాము, ఆడపిల్లను గత్తర రోగం. మిగిలింది ఈ ఒక్కడు. అప్పటి నుంచి ఆమెకు కనిపించిన ప్రతిదీ భయమే. గాలి లేస్తే ఇంటికప్పు పోతుందని భయం, కొడుకు దగ్గితే క్షయ అని భయం. పుల్లతో పొడిచి చూడనిదే గడ్డి మీద కాలు పెట్టదు. పోశవ్వ తన నీడను కూడా పొడిచి చూసి నడుస్తుందని వాడలో నవ్వుకునేవాళ్ళు.

ఆ పోశవ్వ ఉరికి వచ్చి కొడుకు రెక్క పట్టుకున్నది. ఇరవై రెండేండ్లవాడు, ఆగుతాడా? ఆపలేనని ఆమెకు తెలిసిపోయింది. వాడు దిగకుండా ఉండాలంటే తాను దిగడం తప్ప మరో దారి కనబడలేదు.

“నువ్వు తాడు పట్టుకొని గీడనే నిలవడు. నేను పోత. నువ్వు కదిలితే నా మీద ఒట్టు,” అన్నది.

మోకుతాడు ఒక కొన నడుముకు చుట్టుకుని, చేతిలో ఉన్న గడ్డల పుల్లతో తీగ కింద దూరింది. గడ్డలు తవ్వే ఆడవాళ్ళకు ఒక తీరు ఉంది. పుల్లను నిలువుగా దించరు, దించితే గడ్డ పగిలి కుళ్ళుతుంది. దూరం నుంచి ఏటవాలుగా మెల్లగా పోనిస్తారు. పక్కన తగులుతుంది. తగిలింది రాయా, వేరా, గడ్డా అన్నది చేతికే తెలుస్తుంది. పోశవ్వ ముండ్లపొద కింద పాకినట్టు బోర్లా పాకుతూ, జానెడు జానెడు నేలను అలాగే పొడిచి చూసుకుంటూ పోయింది. సగం దూరంలో పుల్ల కొనకు ఏదో తగిలింది. రాయి కాదు, నున్నగా ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి పుల్ల వెనక్కి తీసింది. నడుముకున్న వక్కల సంచిలో నుంచి సున్నం తీసి అక్కడ బొట్టు పెట్టి, చుట్టూ తిరిగి పోయింది.

ఆమె చేరేసరికి గంగయ్య ఎత్తిన చెయ్యి వాలిపోయి ఉంది, ప్రాణం లేదు. తాడు అతని రెక్కల కింద కట్టి, వచ్చిన జాడలోనే వెనక్కి పాకింది. వాడ వాళ్ళు శవాన్ని ఆ జాడలోనే లాగారు.

మూడో రోజు పోశవ్వ వాకిట్లో వాడంతా కూర్చున్నది. అంతయ్య నిలబడి చెప్పాడు. దొర ఈసారి పశువులను తోలడు, మనుషులనే తోలుతాడు. వానాకాలం లోపల చెలక ఎవరు దున్నితే వాళ్ళదే హక్కు. మా అవ్వ ఒక్కతే పోయి ఒక మందుపాతర డబ్బాను పట్టింది. పన్నెండు ఇండ్లు కలిస్తే ఎన్ని పట్టలేం?

పోశవ్వ ఒప్పుకోలేదు. ఆ రోజు పాకింది ధైర్యంతో కాదనీ, కొడుకు దిగుతాడన్న భయంతోననీ, భూమి లేకపోతే కూలి చేసుకు బతకవచ్చు, కాళ్ళు లేకపోతే ఏం చేసి బతుకుతారనీ వాదించింది. వాదన పొద్దు గుంకేదాకా సాగింది. ఒకరు సర్కారుకు అర్జీ పెడదామన్నారు. ఒకరు ఊరే విడిచిపోదామన్నారు. చివరికి ఐలవ్వ లేచింది.

“నా మొగడు దొర కోసం నడిచి సచ్చిండు. నేను నా కోసం నడుస్త. పోశవ్వా, నువ్వు నేర్పితే బతుకుత. నేర్పకపోయినా దిగుత,” అన్నది.

ఆ మాటతో వాదన తెగింది. అప్పుడు హనుమండ్లు నోరు విప్పాడు. హనుమండ్లు పోశవ్వ తమ్ముడు, సంఘం పెద్ద. ఇక వెట్టి చెయ్యబోమని మొదట అన్నవాడు. రెండేండ్లు జైల్లో ఉండి నిరుడు వచ్చాడు. అతని వీపు మీద లాఠీ వాతలు వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరికే శ్రమపడితే లాభం లేదు, ముందు తహసీల్దారు నోట మాట తీసుకోవాలి, తాను పోయి వస్తానన్నాడు.

నాలుగు రోజులకు వచ్చాడు. డబ్బాలు ఎవరు తీస్తే చెలక వాళ్ళదే అని తహసీల్దారు అన్నాడట. దొర కూడా సరే అన్నాడట. తీసిన డబ్బాలను వాగు పక్క పాత గుంతలో వేసి కావలి ఉండాలి, ఫౌజు వాళ్ళు వచ్చి తీసుకుపోతారు. కాగితం ఏదని అంతయ్య అడిగాడు. సర్కారు మాటే కాగితం అన్నాడు మేనమామ. వాడ నమ్మింది. జైలుకు పోయినవాడిని నమ్మక ఎవరిని నమ్ముతారు? గాలిని, నీళ్ళను, గడ్డిని అనుమానించే పోశవ్వ కూడా ఆ మాటను పొడిచి చూడలేదు. ఇంటి మనిషి మాట గదా.

ఉగాది తెల్లారి పని మొదలైంది. పని కట్టుబాట్లన్నీ పోశవ్వ భయాలే. ఖాళీ కడుపుతో దిగవద్దు, కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో కొట్లాడి వచ్చినవాళ్ళు దిగవద్దు, చెయ్యి కుదురుగా ఉండదు. పొద్దు నెత్తి మీదికి వస్తే అందరూ బయటికి, కంట్లో చెమట పడితే నేల కనబడదు. మనిషికీ మనిషికీ నడుమ ముప్పై బారలు, ఒకరికి ఏదైనా అయితే ఇంకొకరికి కావద్దు. గునపం లేదు, పార లేదు. ఇనుము దూకుడుగా దిగుతుంది, వెదురుపుల్ల అడుగుతూ దిగుతుంది. ముందటి రోజు మాపటికి చూసిన నేల అంచు నుంచి నీళ్ళు చల్లితే తెల్లారేసరికి రేగడి మెత్తబడుతుంది, పుల్ల ఒత్తకుండానే పోతుంది. ఏదైనా తగిలితే ఎవరూ చెయ్యి పెట్టవద్దు. సున్నం బొట్టు పెట్టి రావాలి. మధ్యాహ్నం పొడుగు వెదురు కొనకు కట్టిన కొక్కెం తగిలించి, వాగు గట్టు చాటు నుంచి తాడుతో లాగాలి. పేలితే అక్కడే పేలుతుంది. పేలకపోతే గుంతలోకి జారుతుంది.

ఇందులో సర్కారు యంత్రం లేదు, సొమ్ము లేదు. వెదురు అడివిది, తాడు మోట తాడు, సున్నం వక్కల సంచిది, భయం పోశవ్వది.

అంతయ్యకు ఆ నిదానం పడేది కాదు.

“అవ్వా, గిట్ల చేస్తే నా పెండ్లి నాటికి గూడ సగం కాదు.”

“పెండ్లికి పీటల మీద రెండు కాళ్లతోని కూసోవాలె గద బిడ్డా. మెల్లగ పొడువు,” అన్నది తల్లి.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. దొర గడీలో మాత్రం వేరే నవ్వు. కూట్లో రాయి తీయలేని వాళ్ళు ఏట్లో రాయి తీస్తారట అని గుమాస్తా ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆ మాట ఐలవ్వ చెవిన పడింది. కూట్లో రాళ్ళు ఏరేది ఆడవాళ్ళే కదా, ఆ చేతులే ఇవి అని గుమాస్తా గుమ్మం ముందరే చెప్పి వచ్చింది.

ఎండలు ముదిరాక పోశవ్వ ఇంకొకటి కనిపెట్టింది. రేగడి నేల ఎండకు నెర్రెలు వారుతుంది, చెయ్యి పట్టేంత పగుళ్ళు. పగులు ఎక్కడైనా తన దారిన తాను పోతుంది. కొన్ని చోట్ల మాత్రం గుండ్రంగా వంగి పోతోంది, ఎవరో కూర్చుంటే పక్క నుంచి తప్పుకున్నట్టు. అక్కడ పొడిస్తే డబ్బా తగిలింది. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి, తవ్వని మట్టిలాగా పగలదు. ఆ రోజు నుంచి వాళ్ళు ముందు పగుళ్ళు చదివి తరువాత పుల్ల పట్టారు. పని మూడింతలు సాగింది. అయినా పగులు లేని చోటును కూడా విడవవద్దన్నది పోశవ్వ. నెర్రె అబద్ధమాడదు గాని, నెర్రె చూసే కండ్లు పొరబడతాయని ఆమె భయం.

వైశాఖం చివరికి అరవై మూడు డబ్బాలు గుంతలో పడ్డాయి. పద్నాలుగు తాడు లాగుతుండగా పేలాయి. ఒక్కరి గోరు ఊడలేదు.

ఒక్క మూల మిగిలింది. చెలక ఈశాన్యాన, మోదుగు చెట్టు కింద, పోచమ్మ జాగ. పసుపు రాసిన మూడు రాళ్ళు, చుట్టూ పది అడుగుల నేల. నేతకానోళ్ళు దేవర జాగలో గడ్డ తవ్వరు. అక్కడ పుల్ల దించరు, ఇనుము తేరు, పచ్చగడ్డి కొయ్యరు. తాతల నాటి కట్టు. అంతయ్య అక్కడ కూడా చూద్దామన్నాడు. పోశవ్వే వద్దన్నది. అమ్మవారి ఒంటి మీద పొడుస్తావా, మనల్ని ఇన్నాళ్ళు కాచింది ఎవరు అని కొడుకును తిట్టింది. ఆమెకు భూమిలో డబ్బా కంటే అమ్మవారి కోపం ఎక్కువ భయం. ఒక భయం ఇంకో భయాన్ని మింగింది. నిజాం సిపాయిలకు మాత్రం పోచమ్మ ఎవరో తెలియదని ఎవరికీ తట్టలేదు.

పని ముగిసిందని ఐలవ్వ బోనం వండింది. బెల్లపన్నం కుండ నెత్తిన పెట్టుకుని, తడి బట్టలతో మోదుగు చెట్టు కిందికి పోయింది. వాడంతా వెనక పదిబారల దూరంలో ఉంది. కుండ దించడానికి మోకాళ్ళ మీద వంగింది.

ఆమె మీద కప్పడానికి పోశవ్వ తన కొంగు చింపి ఇచ్చింది.

మరునాడు పోశవ్వ ఎవరితో చెప్పలేదు. పుల్ల తీసుకుని మోదుగు చెట్టు కిందికి పోయింది. కోపం ఏమన్నా ఉంటే నా ఒక్కదాని మీదనే పెట్టుకొమ్మని అమ్మవారికి దండం పెట్టి, ఆ పది అడుగుల నేలనూ జానెడు జానెడు చూసింది. మూడు రాళ్ళ సందుల్లో కూడా చూసింది. ఇంకో రెండు డబ్బాలు దొరికాయి. అప్పుడు చెలకంతా నిజంగా శుభ్రమైంది. ఒక్క రోజు ముందే ఆ పని చేసి ఉంటే ఐలవ్వ బతికేదని ఆమె చచ్చేదాకా అనుకున్నది.

ఐలవ్వ చావు మీద పంచనామాకు తహసీల్దారు వచ్చాడు. రావి నీడలో కుర్చీ వేశారు. పక్క కుర్చీలో ఖద్దరు టోపీతో దొర. సంఘం రోజుల్లో నాగపూరుకు పారిపోయి పోలీసుల వెనక తిరిగి వచ్చిన మనిషి, ఇప్పుడు దేశభక్తుడు. వాడంతా ఎదురుగా నేల మీద కూర్చున్నది. చెలక తమదని ఇప్పుడు సర్కారు నోటితో వింటామని కూర్చున్నది.

చెలకను కౌలుకు దున్నింది ఎవరో చెప్పాలని తహసీల్దారు సంఘం పెద్దను పిలిచాడు. హనుమండ్లు లేచాడు. అక్క దిక్కు చూడలేదు.

“కౌలు ఏం లేదు సార్. మొదటి నుంచి దొర ఖుద్‌కాస్తే. వీళ్లు దొర కూలోళ్లు. డబ్బాలు గూడ కూలికే తీసిన్రు,” అన్నాడు.

ఖుద్‌కాస్త్ అంటే సొంత సాగు. ఆ ఒక్క మాటతో తాతల నాటి కౌలు మట్టిలో కలిసింది. కొద్దిసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడంతా ఒక్కసారి లేచింది. జవాన్లు తుపాకులు అడ్డం పెట్టారు. అల్లరి మధ్యలో పోలీసు అమీను వాగు పక్క గుంత చూసి వచ్చాడు. గుంతలో అన్ని డబ్బాలు ఎందుకు దాచారని అడిగాడు. మీరే దాచమన్నారని అంతయ్య తహసీల్దారుకు వేలు చూపించాడు. తహసీల్దారు తానెప్పుడూ అలా అనలేదన్నాడు. మందుగుండు దాచి కమ్యూనిస్టులకు అందించబోతున్నాడని కేసు రాసి, అంతయ్య చేతులకు బేడీలు వేశారు.

పోశవ్వ తన బతుకంతా ఈ ఘడియకే భయపడింది. వాగుకు భయపడింది, పాముకు భయపడింది, డబ్బాకు భయపడింది. కొడుకును తీసుకుపోయింది మాత్రం ఇవేవీ కావు.

ఆ మాపటేళ ఆమె తమ్ముడి ఇంటికి పోయింది. హనుమండ్లు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు. ఆమె వాకిట్లోనే నిలబడింది. అతను గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. తన మీద ఇంకా రెండు కేసులున్నాయి. దొర అవి తీసేయిస్తానన్నాడు. తన పొలాల పనులు చూసే సేరీదారు పని కూడా ఇస్తానన్నాడు. అంతయ్యను కూడా రేపో మాపో విడిపిస్తానన్నాడు.

“నువ్వు జైలు జూడలే అక్కా. నేను చూసిన. ఇంకోసారి గా దెబ్బలు నాతోని కావు.”

అతని కండ్లలో నీళ్ళు తిరిగాయి. అవి అబద్ధం నీళ్ళు కావు. అదే ఆమెను ఇంకా మండించింది.

“దెబ్బలకు భయపడ్డవంటే తప్పులే. భయం నాకూ ఎరికే. భయమైతున్నదని మాకు చెప్పాలె గద. నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలయినట్టు చేసినవు. బువ్వల రాయిని గూడ చూసి తిన్నదాన్ని, నీ మాటను చూడక మింగిన.”

అంతే. ఆ తరువాత ఆమె ఆ వాకిలి తొక్కలేదు.

మిరుగు కార్తె ప్రవేశించింది. రెండు వానలు పడ్డాయి. వాడ వాళ్ళను దొర దున్నడానికి పిలవలేదు, పిలిచినా పోయేవాళ్ళు కారు. జైనూర్ దిక్కు నుంచి పదహారు మంది నాగలి దున్నేవాళ్ళను, గింజలు చల్లే ఆడవాళ్ళను బండ్ల మీద తీసుకువస్తున్నారని తెలిసింది. వాడలో మీటింగు జరిగింది. హనుమండ్లు లేడు, అంతయ్య లేడు. మాటలు తడబడ్డాయి గాని ఒక మాట కుదిరింది. చెలక శుభ్రమైందని తెలిసింది మనకు మాత్రమే. గుమాస్తా చెబితే ఎవరు నమ్ముతారు? వచ్చినవాళ్ళు తప్పకుండా మనల్నే అడుగుతారు. మనం నోరు విప్పవద్దు. శుభ్రమైందని అనవద్దు, కాలేదనీ అనవద్దు. ఎవరూ దిగరు. చెలక బీడుగా ఉంటే దొర ఖుద్‌కాస్త్ కాగితం మీదనే మురిగిపోతుంది. అందరూ చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. పోశవ్వ కూడా వేసింది.

తెల్లారి వాడంతా చెలక గట్టున కూర్చున్నది. బండ్లు దిగాయి. దొర ఎడ్లు, దొర నాగళ్ళు, దొర జొన్న గింజలు. వచ్చిన మనుషులు మాత్రం వాడ మనుషుల్లాగే ఉన్నారు. అవే కాళ్ళు, అవే చిరుగులు. చెలక దగ్గరికి వచ్చి ఆగిపోయారు. దారిలో ఎవరో గంగయ్య సంగతి, ఐలవ్వ సంగతి చెప్పారట.

గుమాస్తా దిగమన్నాడు. దిగలేదు. శుభ్రమైందన్నాడు. అయితే నువ్వు ముందు నడువుమని నాగలి పట్టిన ముసలివాడు అన్నాడు. గుమాస్తా నవ్వి, వెనక్కి రెండడుగులు వేశాడు. సేరీదారుగా పక్కన నిలబడ్డ హనుమండ్లును నడవమన్నాడు. హనుమండ్లు తల వంచుకుని నిలబడ్డాడు. అక్కే చూసిన నేల, శుభ్రమైందని అతనికి తెలుసు. ఆ అక్కను మోసం చేసినవాడికి ఆ నేల మీద కాలు ఆడలేదు.

దిగకపోతే తిండి లేదు, బండి లేదు, నడిచి పొమ్మన్నాడు గుమాస్తా. జవాను లాఠీ ఊపాడు. అప్పుడు గింజల ఒడి కట్టుకున్న ఒకామె గుంపులో నుంచి గట్టు దగ్గరికి వచ్చింది. పేరు భూమవ్వ అని తరువాత తెలిసింది. ఆమె వెనక పన్నెండేండ్ల కూతురు, అదే కొంగు ఒడితో. భూమవ్వ సరాసరి పోశవ్వ ముందు కూర్చున్నది.

“అవ్వా, నువ్వే ఎతికినవట గద. నా బిడ్డ నా ముందట చల్లుకుంట నడుస్తది. నడవనియ్యనా, వద్దా? గంత ఒక్కటి చెప్పు.”

పోశవ్వ కండ్లు ఆ పిల్ల కాళ్ళ మీద పడ్డాయి. దుమ్ము పట్టిన, గజ్జెలు లేని కాళ్ళు. వెనక నుంచి ఎవరో ఆమె కొంగు లాగారు, ఒట్టు గుర్తు చేస్తున్నట్టు. నోరు మూసుకుంటే చెలక నిలుస్తుంది. కొడుకు విడుదల కావడానికి చేతిలో ఉన్న పట్టు అదొక్కటే. నోరు విప్పితే అన్నీ పోతాయి. కాని తల్లిని అనవసరంగా భయపెట్టడమంటే ఏమిటో ఆ ఊళ్ళో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఈమె దిగకపోతే దొర ఈ పిల్లను ఆకలితో అంత దూరం నడిపిస్తాడు. దిగితే అడుగడుగుకు ఈ తల్లి చస్తుంది.

“నడవనియ్యి బిడ్డా. గీ చెలక జానెడు జానెడు నా చేత్తోని చూసిన. నీ పిల్ల కాలికి ఏం గాదు,” అన్నది పోశవ్వ.

వాడలో గొల్లుమన్నారు. తమ్ముడు చేసిన పనే అక్క చేసిందని ఒకడు మొహం మీదనే అన్నాడు. ఆ మాట పోశవ్వ గుండెలో దిగింది. అయినా ఆగలేదు.

“ఇంకొక మాట గూడ విను. గీ చెలక మాది. మా తాతలు దున్నిన్రు. మా ఐలవ్వ, ఆమె మొగడు గిండ్లనే సచ్చిన్రు. నా కొడుకు దీని కోసమే జైల్ల ఉన్నడు. దొర దొంగసాక్ష్యం చెప్పిచ్చి గుంజుకున్నడు. నువ్వు దున్నితే నీకు ఏం గాదు. మాకైతది. అబద్ధం జెప్పి నిన్ను ఆపలేను. నిజం జెప్పి ఆపుతున్న.”

గుమాస్తా చప్పట్లు కొట్టాడు. విన్నారు గదా, శుభ్రమైందని ముసలిదే చెప్పింది, ఇక ఎడ్లను తోలండి అన్నాడు.

భూమవ్వ మెల్లగా లేచి అతని దిక్కు తిరిగింది.

“అవ్వ రెండు మాటలు చెప్పింది. నువ్వు ఒక్కటే విన్నవు,” అన్నది.

ఆమె తమవాళ్ళ దగ్గరికి పోయింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. కొందరు ఆకలి సంగతి ఎత్తారు. మనం పోతే దొర ఇంకొకరిని తెస్తాడు కదా అని ఒకడు అన్నాడు. తమ ఊళ్ళో తమ దొర కూడా నిరుడు ఇట్లాగే ఖుద్‌కాస్త్ అని రాయించుకున్నాడనీ, అప్పుడు పక్క ఊరి కూలోళ్ళు వచ్చి దున్నిపోతే తాము గట్టున కూర్చుని ఏడ్చామనీ, అందుకే ఇప్పుడు బండ్లెక్కి ఊరూరు తిరుగుతున్నామనీ భూమవ్వ గుర్తు చేసింది. నాగలి పట్టిన ముసలివాడు పోశవ్వ దగ్గరికి వచ్చాడు. చేతిలోని ముల్లుకర్ర ఆమె ఒళ్ళో పెట్టాడు.

“గట్టు మీద గూసుంటే పొద్దు పోతది అవ్వా. మీ చెలక మీరు దున్నుండ్రి. మేము ఎనుక చల్లుతం,” అన్నాడు.

తరువాత వాడ మొత్తం కదిలింది. ఇందాక పోశవ్వను తిట్టినవాడే మొదటి నాగలి మేడి పట్టాడు. పదహారు నాగళ్ళు చెలకలోకి దిగాయి. మూడేండ్లకు రేగడి కడుపు తెరుచుకుంది. దొర ఎడ్లు, దొర నాగళ్ళు, దొర గింజలు, దున్నేది మాత్రం వాడ. ముందు పోశవ్వ నడిచింది, పుల్ల పట్టుకునే నడిచింది. భయం పోయి కాదు. తాను పోకపోతే వెనకవాళ్ళు భయపడతారని.

గుమాస్తా గడీకి ఉరికాడు. పొద్దు తిరగకముందే లారీ వచ్చింది. అమీను ముందు మామూలుగా చెప్పాడు, తరువాత తుపాకి ఎత్తి చెప్పాడు. నాగళ్ళు ఆగలేదు. జవాన్లు చెలక అంచుకు వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకూ గంగయ్య సంగతి తెలుసు. పోశవ్వ వాళ్ళ దిక్కు తిరిగింది.

“రాండ్రి బిడ్డా, ఏం గాదు. మీ తల్లుల కోసం గూడ చూసిన,” అన్నది.

వాళ్ళు వచ్చారు. లాఠీలు లేచాయి. కొందరి తలలు పగిలాయి. ఇరవై ఒక్క మందిని లారీ ఎక్కించారు, వాడ వాళ్ళు పన్నెండు మంది, జైనూర్ దిక్కువాళ్ళు తొమ్మిది మంది. లారీలో ఇక జాగా లేదు. మిగిలినవాళ్ళను తరిమారు. తరిమితే వాగులో దిగి, అవతలి గట్టున లేచి నిలబడ్డారు.

లారీలో పోశవ్వకు మళ్ళీ అన్ని భయాలూ మూగాయి. భూమవ్వ ఇదే లారీలో ఉంది, ఆమె కూతురు అవతలి గట్టున తల్లి లేకుండా నిలబడింది. తలపగిలినవాడి నెత్తురు ఆగడం లేదు. తన చేతులకు తగిలించిన తాడు బిగిసింది. పక్కనున్న జవాను ఆమె కొడుకు ఈడువాడే.

“ఏ జైలుకు తీస్కపోతున్నరు బిడ్డా? మా అంతయ్య ఉన్నదానికేనా?” అని అడిగింది.

జవాను తల పక్కకు తిప్పి, ఆమె చేతికి కట్టిన తాడు కొద్దిగా వదులు చేశాడు.

లారీ రేవు బాట ఎక్కుతుంటే పడమట మబ్బు లేస్తోంది. పోశవ్వ నిలబడి చూసింది. చెలకలో సగందాకా చాళ్ళు పడ్డాయి. చాళ్ళలో జొన్నగింజలు పైపైనే తేలి ఉన్నాయి. గుంటుక తోలి మట్టి కప్పకపోతే వానకు కొట్టుకుపోతాయి, లేకుంటే పిట్టల పాలవుతాయి. వాగులో దిగినవాళ్ళు అప్పుడే ఒక్కరొక్కరే చెలకలోకి వస్తున్నారు. ముందు భూమవ్వ కూతురు, వెనక తడిసిన చీరలతో ఆడవాళ్ళు.

“గుంటుక తోలుండ్రి, గింజలు పైననే ఉన్నయి,” అని పోశవ్వ గొంతెత్తి పిలిచింది.

“తోలుతున్నం అవ్వా,” అన్నారు చెలకలో నుంచి.